ఫొటో బాగుంది, కింద ఏం రాశాం?

తొలి మంచు పడగానే మనం చేసే మొదటి పని ఫొటో దిగడం. రెండోది, దాన్ని ఊరికి పంపడం. కింద ఒక ముక్క కూడా రాస్తాం, 'స్నో ఎంజాయ్ చేస్తున్నాం' అని. నయాగరా ముందు నిలబడినా అంతే, టొరంటోలో సీఎన్ టవర్ కింద నిలబడినా అంతే. రాత్రంతా వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, తెల్లారుజామున మైనస్ ఇరవైలో బస్సు కోసం ఎదురుచూసిన సంగతి మాత్రం ఆ ముక్కలో ఉండదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఫొటోకి మాట తోడైతే ఎంత బలం వస్తుందో చూపించినవారిలో ఒకరు మనం ఉంటున్న కెనడాలోనే పుట్టారు. ఆయన పేరు కెన్ లమ్. 1956లో వాంకూవర్‌లో, చైనా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన కళాకారుడు.

ఆయన చేసిన ఒక బొమ్మ చూడండి. ఆఫీసులో బల్ల దగ్గర కూర్చున్న ఒక ఆసియా మహిళ. మనవైపు చూసి చిన్నగా నవ్వుతోంది. ఆ ఫొటో పక్కనే పెద్ద అక్షరాల్లో ఒకే వాక్యం: మెల్లీ షమ్‌కి తన ఉద్యోగమంటే అసహ్యం. అంతే, ఇంకేమీ లేదు. 1990లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ఒక కళాకేంద్రం గోడ మీద దీన్ని హోర్డింగ్‌గా పెట్టారు. ప్రదర్శన అయిపోయాక తీసేస్తే ఊరివాళ్లు ఊరుకోలేదు, మళ్లీ పెట్టమని అడిగారు. పెట్టారు. 2021లో ఆ కళాకేంద్రం తన పాత పేరు వదులుకుని మెల్లీ పేరే పెట్టుకుంది.

జనానికి అంతగా ఎందుకు నచ్చింది? ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ఆఫీసులోనైనా కనిపించే నవ్వే. వాక్యం ఒక్కటే ఉంటే ఎవరిదో గొణుగుడు. రెండూ పక్కపక్కన చేరేసరికి ఆ నవ్వుకి అర్థం మారిపోయింది. రోజూ పొద్దున్నే మనం బాస్‌కి చూపించే నవ్వు ఇదే కదా అనిపించింది. కిటుకంతా ఇక్కడే ఉంది. బొమ్మలో కనిపిస్తున్నదే మళ్లీ మాటల్లో రాస్తే ఆ మాట దండగ. బొమ్మ చెప్పలేనిది మాట చెప్పాలి. అదీ ఒక్కటే చెప్పాలి.

మరి మన ఫొటోలను అక్కడ ఎవరు చూస్తున్నారు? అమ్మ ఫోన్ పట్టుకెళ్లి పక్కింట్లో చూపిస్తుంది. పక్కింటి కుర్రాడు చూసి నేనూ వెళ్తానంటాడు. వాళ్ల నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెడతాడు. ఒంటరిగా వచ్చే విద్యార్థి ఫీజు కాకుండా ఏడాది ఖర్చులకి చూపించాల్సిన డబ్బును కెనడా ప్రభుత్వం 2024 జనవరి 1 నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. అంటే ఇక్కడి బతుకు ఖరీదు ఎంతో ప్రభుత్వమే అంకె వేసి చెప్పింది. మన ఫొటోలు మాత్రం చెప్పవు.

నిజం రాస్తే అమ్మ బెంగ పెట్టుకుంటుందని మనలో చాలామంది అంటారు. కానీ ఎంత నవ్వుతూ ఫొటో దిగినా, అది చూడగానే అమ్మ అడిగే మొదటి మాట ఏమిటి? 'ఏంట్రా, అలా చిక్కిపోయావు?' అనే కదా! మనం రాయని మాట అమ్మే రాసుకుంటోందన్నమాట. మనం దాస్తే ఆ బెంగ తగ్గదు, ఊహల్లో ఇంకాస్త పెరుగుతుంది.

పూర్వం మనవాళ్లు స్టూడియోలో దిగిన ఫొటో వెనక నాలుగు ముక్కలు రాసి కవర్లో పెట్టి పంపేవారు. ఇంట్లోవాళ్లు దాన్ని తిప్పి తిప్పి చదువుకునేవారు. ఫోన్లు వచ్చాక ఫొటోకి వెనక వైపే లేకుండా పోయింది.

అందరూ ఏడుపు ఫొటోలు పంపాలని మేము అనడం లేదు. సంతోషం నిజమైతే సంతోషమే రాద్దాం. 'ఇవాళ బస్సు కోసం అరగంట నిలబడ్డాను. చలికి వేళ్లు మొద్దుబారాయి. పర్లేదమ్మా, అలవాటవుతోంది' అని మంచు ఫొటో కింద రాస్తే అందులో కష్టమూ ఉంది, ధైర్యమూ ఉంది. మన తెలుగు సంఘాలు కూడా ఉగాది సంబరాల్లో పాటలు, డ్యాన్సులతో పాటు ఒక గోడ దీనికి కేటాయించవచ్చు. కొత్తగా వచ్చిన పిల్లలు తలా ఒక ఫొటో, దాని కింద రెండు వాక్యాలు పెడితే చాలు. ఎవరికి అద్దె భారమైందో, ఎవరు ఒంటరిగా ఉన్నారో అడగకుండానే పెద్దలకు తెలుస్తుంది.

ఈసారి మంచు పడినప్పుడు కూడా ఫొటో దిగుదాం. నవ్వుదాం కూడా. కింద మాత్రం ఒక్క నిజం రాద్దాం, మన తెలుగులో.