మాట హక్‌దే, మరి తరీఖా?



మా భాంజీ పాలిటెక్నిక్ రెండో ఏడాది చదువుతోంది. రంజాన్‌కి ముందు ఆమెకో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. దాని మీద విండోస్ నత్తలా నడుస్తోందని తనే కూర్చుని లినక్స్ వేసుకుంది, మాషా అల్లాహ్. అంతా బాగుంది, ఒక్క వైఫై తప్ప. రూటర్ పక్కన కూర్చుంటే నెట్ వస్తుంది, వంటింటి గడప దాటితే పోతుంది. రిపేర్ షాపతను చూసి "కార్డు పోయింది, మార్చాలి" అని పన్నెండు వందలు అడిగాడు.

ఆ పిల్ల డబ్బు అడగడానికి మొహమాటపడి, ఆ డ్రైవర్లు రాసే డెవలపర్లనే అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్క వాక్యం: నా వైఫై పని చేయడం లేదు, దయచేసి సాయం చేయండి. అరగంటలో జవాబొచ్చింది. ఇంత మాత్రం వివరాలతో ఎవరు చెప్తారు, ముందు చదువుకుని రా, మా టైం పాడు చేయకు అని. అందరూ చూసే చోట. పిల్ల ల్యాప్‌టాప్ మూసేసింది. "మామూ, అది మనలాంటి వాళ్ల జగా కాదు" అంది.

ఆ మాట నాకు ములుకులా గుచ్చుకుంది. అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు ఇన్సాఫ్‌గా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ కసురుకున్న జనాబ్ చెప్పిన విషయం సహీ. "వైఫై రావట్లేదు" అంటే హకీం దగ్గరికెళ్లి "తబియత్ బాగాలేదు" అని ఊరుకోవడం లాంటిది. నబ్జ్ చూడనివ్వాలి కదా! డబ్బా మీద ఒకే పేరున్న రెండు కార్డుల్లో లోపల వేర్వేరు చిప్‌లు ఉండొచ్చు. ఏ చిప్పో తెలియాలంటే ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్ కొట్టాలి, దాన్ని ఏ డ్రైవర్ నడుపుతోందో కూడా అదే చూపిస్తుంది. ఫర్మ్‌వేర్ ఎక్కిందా లేదా అన్నది డీమెసేజ్‌లో కనిపిస్తుంది. రేడియోని ఏదైనా స్విచ్చి ఆపేసిందేమో ఆర్‌ఎఫ్‌కిల్ చెప్తుంది. ఇవేవీ ఇవ్వకుండా అడిగితే, ఎక్కడో వేల మైళ్ల దూరంలో కూర్చున్న మనిషికి ఇల్హాం రాదు.

మర్నాడు పొద్దున ఇంకొకరు రాశారు. మూడే అడిగారు, నరంగా అడిగారు: ఈ మూడు కమాండ్లు కొట్టి ఏం వచ్చిందో పంపమ్మా అని. పంపింది. అప్పుడు అసలు జబ్బు బయటపడింది. ఆ కార్డుకి యాంటెనా తగిలించే పిన్నులు రెండున్నాయి. ల్యాప్‌టాప్ చేసినవాళ్లు వైరు ఒక్కటే పెట్టారు. డ్రైవరేమో ఖాళీగా ఉన్న రెండో పిన్ను దగ్గర చెవి పెట్టి కూర్చుంది! మోడ్‌ప్రోబ్.డి అనే ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, ఏ యాంటెనా వాడాలో ఒక్క లైన్‌లో రాసి రీస్టార్ట్ చేస్తే సిగ్నల్ మైనస్ 82 నుంచి మైనస్ 51 డీబీఎంకి వచ్చింది. కార్డు బంగారంలా ఉంది. పన్నెండు వందలు మిగిలాయి.

మొదటాయనకి కూడా ఈ ఇల్మ్ ఉండే ఉంటుంది. ఒకరి దగ్గర్నుంచి పిల్ల పారిపోయింది, ఇంకొకరి దగ్గర నేర్చుకుంది.

ఈ వైర్‌లెస్ డ్రైవర్ల తారీఖ్‌లో ఇలాంటిదే చాలా పెద్ద కిస్సా ఒకటి ఉంది. నేను చాలాసార్లు తలుచుకునేది. బ్రాడ్‌కామ్ అనే కంపెనీ వైఫై చిప్‌లు ఒకప్పుడు బోలెడు ల్యాప్‌టాప్‌లలో ఉండేవి. అవి ఎలా పని చేస్తాయో చెప్పే కాగితాలు మాత్రం లినక్స్ వాళ్లకి ఆ కంపెనీ ఇవ్వలేదు. కొందరు విండోస్ డ్రైవర్‌నే ఎన్‌డిస్‌ర్యాపర్‌లో చుట్టి లినక్స్‌లో నడిపించి రోజులు వెళ్లదీశారు. ఇంకొందరు వలంటీర్లు సబర్‌తో కూర్చుని కంపెనీ డ్రైవర్‌ని విప్పి చదివారు. అందులోనూ ఎంత దియానత్ అంటే, విప్పి చదివి వివరాలు రాసుకున్న గుంపు వేరు, ఆ రాతలు మాత్రమే చూసి కొత్త డ్రైవర్ రాసిన గుంపు వేరు. దొంగిలించారనే మాట రాకూడదని. 2006లో ఆ డ్రైవర్ లినక్స్ 2.6.17 కెర్నెల్‌లో చేరింది. కంపెనీ తనంతట తానుగా కొత్త చిప్‌లకి ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది 2010 సెప్టెంబర్‌లో.

మధ్యలో, 2007 ఏప్రిల్‌లో ఈ సంగతి జరిగింది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో సిస్టం కోసం ఒక డెవలపర్ అదే చిప్‌కి డ్రైవర్ రాస్తున్నాడు. ఇంకా పూర్తి కాలేదు. అందులో లినక్స్ వాళ్ల కోడ్ ముక్కలున్నట్టు లినక్స్ డ్రైవర్ రాసినాయన కనిపెట్టాడు. లినక్స్ కోడ్ జీపీఎల్ షరతుల కింద ఉంటుంది, మార్చి పంచితే నువ్వూ అదే షరతుతో కోడ్ ఇవ్వాలి. బీఎస్‌డీ లైసెన్స్ అలా అడగదు, రాసినవాడి పేరూ లైసెన్స్ మాటలూ చెరపకుంటే చాలు. ఇజాజత్ లేకుండా దీన్ని తీసి దాంట్లో పెట్టడం తప్పే. హక్ పూర్తిగా లినక్స్ ఆయనదే. పైగా ఆయన మాట్లాడుకుందాం, రాజీ దారి ఉందని కూడా అన్నాడు.

కానీ ఆ మాట ఎలా చెప్పాడు? బోలెడుమందికి కాపీ పెట్టి, అందరి ముందూ చెప్పాడు. ముందుగా ఒక్కడికి ఒక్క ఉత్తరం రాయలేదు. ఓపెన్‌బీఎస్‌డీ పెద్ద థియో డి రాట్ మండిపడ్డాడు (ఆయన జబాన్ కూడా ఏమంత మెత్తనిది కాదు, అది వేరే సంగతి). ఇది విడిగా చెప్పాల్సిన మాట కాదా అన్నాడు. ఇటూ అటూ మాటలు పెరిగాయి. ఆఖరికి ఆ కుర్రాడు తన డ్రైవర్ మొత్తం తీసేశాడు. దిద్దుకోలేదు, వదిలేశాడు. తమాషా ఏంటంటే, అదే ఏడాది ఆగస్టులో పాచిక తిరగబడింది. ఈసారి ఓపెన్‌బీఎస్‌డీ నుంచి వచ్చిన అథెరోస్ డ్రైవర్ కోడ్‌లో బీఎస్‌డీ లైసెన్స్ మాటలు తీసేయబోయింది లినక్స్ వైపు వాళ్లు!

తప్పు ఎవరి నుంచైనా జరుగుతుంది. మన బుజుర్గులు ఎప్పటి నుంచో చెప్తున్నదే, నసీహత్ ఏకాంతంలో చేస్తే నసీహత్, మజ్లిస్‌లో చేస్తే ఫజీహత్. నా రాయ్ ఇది: 2007లో హక్ చెప్పినవాడు హక్ గెలిచి, డ్రైవర్‌ని ఓడగొట్టాడు. విడిగా ఒక్క ఉత్తరం రాసి వారం ఆగి ఉంటే ఆ కోడ్ దిద్దుబాటయ్యేదేమో, ఆ చిప్ ఉన్న ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లకి ఒక డ్రైవర్ దొరికేదేమో.

దీనికి వాళ్ల దగ్గర జవాబుంది, అది కూడా విన్నాను. మేం జీతం లేకుండా ఖిద్మత్ చేస్తున్నాం, అదే ప్రశ్న వందసార్లు వస్తుంది, తీపి మాటలు మా దగ్గర ఉండవు అంటారు. నిజమే, సబర్ అరిగిపోతుంది. అయితే జవాబు ఇవ్వమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు కదా. ఊరుకునే హక్ అందరికీ ఉంది. తిట్టడానికి పట్టిన రెండు నిమిషాల్లో మూడు కమాండ్ల పేర్లు రాయొచ్చు.

అడిగేవాళ్లనీ వదలను. పని అయ్యాక "సెట్ అయింది, థ్యాంక్స్" అని రాసి మాయమైపోయేవాళ్లు ఎంతమందో. ఎలా సెట్ అయిందో చెప్పరు. రేపు అదే ల్యాప్‌టాప్‌తో ఇంకెవరో రాత్రంతా వెతుక్కుంటారు. ఇల్మ్ అమానత్ అయితే, ఇది ఖియానత్ కాదా? భాంజీని కూర్చోబెట్టి చిప్ పేరు, కెర్నెల్ నంబరు, ఆ లైను, ముందూ తర్వాతా సిగ్నల్ ఎంతో అన్నీ రాయించాను. మొదటాయనకి కూడా షుక్రియా రాయమంటే కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత రాసింది.

ఇంత రాసి నా సంగతి దాచుకుంటే మునాఫికత్ అవుతుంది. రెండేళ్ల కిందట మా మస్జిద్‌లో ఒక కుర్రాడు ఫజ్ర్‌కి కొత్తగా రావడం మొదలుపెట్టాడు. రుకూలో నడుము సరిగా వంచేవాడు కాదు. ఒకరోజు సలాం తిప్పగానే సఫ్‌లో అందరి ముందూ చెప్పాను, గట్టిగానే. చెప్పిన మసలా సహీదే. కుర్రాడు తల దించుకుని జీ అన్నాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఇప్పుడు బస్టాండ్ దగ్గర మొబైల్ షాపులో పని చేస్తున్నాడు. నన్ను చూస్తే సలాం చేస్తాడు, వెంటనే ఫోను విప్పుతున్నట్టు తల వంచేస్తాడు. నిన్న ఆ వైపు వెళ్లాను. షాపులో గిరాకీలు ముగ్గురున్నారు. వాళ్ల ముందు మాట్లాడటం బాగోదని ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాను, షాపు ఖాళీ అయ్యేదాకా.