శిశూద్యానము

పసిబిడ్డల యాటలకు ప్రభుత్వములు జంకునా? జంకినవి. జర్మను విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గున శిశువుల కొక సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశూద్యానము, అని పేరిడెను. బంతులు, కొయ్యదిమ్మెలు, పాటలు, తోటపని, ఇవియే యచటి పాఠములు. శిశువు ఆడుచు నేర్చునని యాతని సిద్ధాంతము. ఇవి నాస్తికత్వమును, సామ్యవాదమును నూరిపోయుచున్నవని 1851లో ప్రష్యా ప్రభుత్వము వీనిని నిషేధించెను. మరుసటి యేడు ఫ్రోబెల్ గతించెను. 1860లో గాని నిషేధము తొలగలేదు.

మన యెల్.కె.జి.లోని 'కె.జి.' యాతని మాటయే. కాని పెక్కుచోట్ల మూడునాలుగేండ్ల బిడ్డచే నక్షరములు దిద్దించి, ఇంటిపని మోపి, దానికా పేరిడుట న్యాయమా? ప్రష్యా బడి తలుపులను మూసెను. మనము ఆటనే మాన్పించుచున్నాము. బిడ్డ యెంత వ్రాసెనని గాక, యెంత యాడెనని తలిదండ్రులు ప్రశ్నించు దినమే యాతని ఋణము తీరు దినమని మా యభిప్రాయము.