కరెంటు కారు కొనేముందు ఇంటి ముందు జాగా చూసుకోండి

బ్రిటన్‌లో మన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు రెండో కారు చర్చ బాగా నడుస్తోంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. ఒకరు పెద్ద కారు తీసుకుని ఆఫీసుకు వెళ్తే, ఇంకొకరు పిల్లల్ని బడిలో దింపి స్టేషన్‌కో, ఆస్పత్రి డ్యూటీకో పరుగెత్తాలి. ‘పదిహేను వేల పౌండ్లకే కొత్త ఎలక్ట్రిక్ కారు వస్తోందట, తీసుకోవచ్చా అన్నా?’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సాఫ్ట్‌వేర్ వాడికి కార్ల గురించి కూడా తెలుస్తుందని మనవాళ్ల నమ్మకం. నేను మాత్రం ‘రాత్రి కారు ఎక్కడ పెడతావు?’ అని తిరిగి అడుగుతాను.

లెక్క అంతా అక్కడే ఉంది. చిన్న ఎలక్ట్రిక్ కారు ఊళ్లో వారానికి 100 మైళ్లు తిరిగితే, చార్జింగ్‌లో పోయే వృథాతో కలిపి సుమారు 25 యూనిట్ల కరెంటు పడుతుంది. సొంత డ్రైవ్‌వే, స్మార్ట్ మీటర్ ఉండి, రాత్రిపూట యూనిట్ ఏడెనిమిది పెన్నీలకు దొరికే టారిఫ్ తీసుకుంటే వారానికి రెండు పౌండ్లతో సరిపోతుంది. అవే 100 మైళ్లకు చిన్న పెట్రోల్ కారు పదమూడు, పద్నాలుగు పౌండ్లు తాగుతుంది. మరి డ్రైవ్‌వే లేని ఫ్లాట్‌లో ఉంటూ, యూనిట్ 75 పెన్నీలు పెట్టి సూపర్‌మార్కెట్ దగ్గర ఫాస్ట్ చార్జర్‌కు తగిలిస్తే? పద్దెనిమిది పౌండ్లు దాటుతుంది. అంటే పెట్రోల్ కంటే ఎక్కువ. పైగా చలిలో కారులో కూర్చుని ఎదురుచూపులు.

ఇందులో నాకు మింగుడుపడనిది పన్ను సంగతి. ఇంటి కరెంటుపై వ్యాట్ 5 శాతం. బయట చార్జింగ్‌పై వసూలు చేసేది 20 శాతం. సొంతిల్లు, ముందు జాగా ఉన్నవాడికి చవక, అద్దె ఫ్లాట్‌లో ఉండేవాడికి ఖరీదు. ఎంఎస్ చదివి ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో కుదురుకుంటున్న మన పిల్లలు ఎక్కువమంది ఈ రెండో వర్గంలోనే ఉన్నారు. చవక కారు అవసరం ఎవరికి ఎక్కువో, దాన్ని చవకగా నడిపే వీలు వాళ్లకే లేదు. అద్దెకుండేవాళ్లు చార్జర్ పెట్టించుకోవడానికి గ్రాంటులాంటివి ఉన్నాయి కానీ ఇంటి యజమాని ఒప్పుకోవాలి, సొంత పార్కింగ్ స్థలం ఉండాలి. కిటికీలోంచి వైరు లాగి ఫుట్‌పాత్ మీదుగా వేసే ఆలోచన మాత్రం మానుకోండి. ఎవరైనా కాలు తట్టుకుని పడితే మొత్తం మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక కారు విషయం. అందరూ అడిగేది డాసియా స్ప్రింగ్ గురించి. 2024లో ఇక్కడికి వచ్చినప్పుడు దాని ప్రారంభ ధర 14,995 పౌండ్లు. ఇది మనకు మరీ పరాయిది కాదు. ఇండియాలో మనం చూసే రెనో క్విడ్‌కు తోబుట్టువే. తయారయ్యేది చైనాలో. 2024 మోడల్ బరువు టన్నులోపు, బ్యాటరీ 26.8 కిలోవాట్ అవర్లు, కంపెనీ చెప్పిన రేంజి 140 మైళ్లు. బ్యాటరీ చిన్నది కాబట్టి మామూలు మూడు పిన్నుల ప్లగ్గుకు పెట్టినా తెల్లారేసరికి నిండుతుంది. ఇరుకు సందుల్లో తిప్పడం, పార్క్ చేయడం సులువు. ఊరి వరకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ 2021లో యూరో ఎన్‌క్యాప్ ఈ కారుకు ఇచ్చింది ఒకే ఒక్క నక్షత్రం. ‘ఊళ్లో 20 మైళ్ల స్పీడులో తిరిగేదానికి అదెందుకు’ అంటారు. బడి దాకా అయితే సరే. కానీ ఇక్కడ చాలామంది ఆఫీసు దారిలో ఒక డ్యూయల్ క్యారేజ్‌వే తప్పకుండా ఉంటుంది, అక్కడ లారీల పక్కన 70లో వెళ్లాలి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి ఆ దారిలో తీసుకెళ్లడానికి ఈ కారు నేను కొనను, ఎవరికీ కొనమనను. 2024లో నాలుగు నక్షత్రాలు తెచ్చుకున్న రెనో 5, 2022లో ఐదు తెచ్చుకున్న ఎంజీ4 లాంటివి కొత్తగా కొంటే వేల పౌండ్లు ఎక్కువే. అందుకే కొత్త స్ప్రింగ్ డబ్బుతో రెండు మూడేళ్లు వాడిన ఎంజీ4 చూసుకోమంటాను. కరెంటు కార్ల విలువ మొదటి మూడేళ్లలో బాగా పడిపోతుంది. కొత్తది కొన్నవాడికి అది నష్టం, సెకండ్ హ్యాండ్ చూసేవాడికి లాభం.

దూరాల సంగతీ ఉంది. లండన్ నుంచి టివిడేల్ బాలాజీ గుడికి సుమారు 120 మైళ్లు. కాగితం మీద 140 ఉంది కదా అని జనవరిలో హీటర్ వేసుకుని మోటార్‌వే ఎక్కితే దారి మధ్యలోనే ఆగాలి. 2024 మోడల్ స్ప్రింగ్ ఫాస్ట్ చార్జింగ్ గరిష్ఠంగా 30 కిలోవాట్లే, 20 నుంచి 80 శాతానికి ముప్పావు గంట. దానికితోడు నాలుగే సీట్లు. అమ్మానాన్న ఆరు నెలల వీసా మీద వస్తే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు దిగిపోవాల్సిందే. పెద్ద కారు ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది సమస్యే కాదు, ఉన్నదొక్కటే కారైతే మాత్రం వద్దు.

పన్నులు లేవన్న మాట కూడా పాతబడింది. 2025 ఏప్రిల్ నుంచి వీటికీ రోడ్డు పన్ను పడింది. 2028 ఏప్రిల్ నుంచి మైలుకు 3 పెన్నీల చొప్పున వసూలు చేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. ఏడాదికి 5,000 మైళ్లు తిరిగే రెండో కారుకు అది 150 పౌండ్లు. ఇంట్లో చార్జింగ్ ఉన్నవాళ్లకు అది కలిపినా పెట్రోల్ కంటే చాలా తక్కువే.

డ్రైవ్‌వే ఉండి, ఇంకో కారు ఉన్నవాళ్లు ధైర్యంగా ముందుకెళ్లవచ్చు. బీమా కొటేషన్ మాత్రం కారు చూడకముందే తీసుకోండి, ముఖ్యంగా పదిహేడేళ్ల పిల్లల పేరు చేర్చేవాళ్లు. పాత నిస్సాన్ లీఫ్ చూస్తే దాని చాడెమో ప్లగ్గుకు సరిపోయే చార్జర్లు మీ దారిలో ఉన్నాయో లేదో చూసుకోండి. పాత రెనో జోయి చవగ్గా కనబడితే బ్యాటరీ కారుతో పాటే మీదవుతుందా, నెలనెలా అద్దె కట్టాలా అని అడగండి. అద్దె అని చెబితే ఆ బండి వదిలేసి ఇంకోటి చూసుకోండి.