చూసి చెప్పారా, చూడకుండానే చెప్పారా?

ఇంగ్లీషులో ‘డిస్క్రిమినేట్’ అని ఒక క్రియ ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని కొందరు పెద్దమనుషులు చేసే వాదన వింటే ఒళ్లు మండుతుంది. “మీ ఆడవాళ్లు ఊరికే డిస్క్రిమినేషన్ అంటూ గోలపెడతారు గాని, నిఘంటువు చూశారా? ఆ మాటకు మొదటి అర్థం వివేకం! తేడా తెలుసుకోవడం! అది కూడా తప్పేనా?” అంటారు. అనేసి, వాదం గెలిచినట్టు కాఫీ గ్లాసు కింద పెడతారు.

నిఘంటువు మేమూ చూశాం లెండి. ఆ మాట పుట్టిల్లు లాటిన్. దాని మూలంలో ఉన్న అర్థం జల్లించడం, వేరుచేయడం. అంటే మన వంటింటి జల్లెడ పనే! పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు అది మర్యాదగల మాటే. మంచి కాఫీకీ, చికోరీ నీళ్లకీ తేడా తెలిసిన నాలుకను ఇప్పటికీ ఆ మాటతోనే మెచ్చుకుంటారు. తర్వాత 1865లో అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. కాని చట్టం విడిచిపెట్టిన మనుషుల్ని సంఘం విడిచిపెట్టలేదు. రంగు చూసి తోసిపారేసే ఆ పనికి ఒక పేరు కావలసివచ్చింది. ఈ మాటకే వెనక ‘అగెనెస్ట్’ అనే తోక తగిలించారు. ‘బిట్వీన్’తో వస్తే వివేకం, ‘అగెనెస్ట్’తో వస్తే అన్యాయం. ఆ పెద్దమనుషులు తోకను దాచిపెట్టి మాటను మాత్రం చూపిస్తారు. మన రాజ్యాంగం 15వ అధికరణంలో ఉన్నది తోక ఉన్న మాటే. మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం, పుట్టినచోటు, వీటిని మాత్రమే కారణంగా పెట్టుకుని ఏ పౌరుడి పట్లా ప్రభుత్వం ఆ పని చేయకూడదంది.

ఇంగ్లీషువాళ్లకు ఒకే మాట రెండు పనులూ చేయాలి, పాపం. మనకా అవస్థ లేదు. విచక్షణ వేరు, వివక్ష వేరు. వినడానికి అప్పచెల్లెళ్లలా ఉంటాయి గాని, అసలు చుట్టరికమే లేదు. ‘విచక్షణ’లో చక్షువు ఉంది, అంటే కన్ను. ‘వివక్ష’లో వాక్కు ఉంది. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక. తెలుగులో దాని అర్థం ఎంత మారిపోయినా, ఈ తేడా నాకు భలే నచ్చింది. విచక్షణ చూసి చెబుతుంది. వివక్ష చూడకుండానే చెప్పేస్తుంది.

జల్లెడ సంగతే తీసుకోండి. ప్రతి గింజా దాని రంధ్రాల మీదుగా దొర్లాల్సిందే. నూక కిందికి, బియ్యం పైన. అది విచక్షణ. మూట విప్పకుండా, పైనున్న ముద్ర చూసి బయట పారేయమనడం వివక్ష. దాన్ని జల్లించడం అంటే ఏ ఇల్లాలైనా నవ్వుతుంది.

ఒక ఇంట్లో అన్నా చెల్లెలూ ఉంటారు. ఇంటర్లో చెల్లెలికే ఎక్కువ మార్కులు. అయినా హైదరాబాదులో ఇంజనీరింగు అన్నకి, ఊళ్లో డిగ్రీ చెల్లెలికి! ఏమిటండీ ఇది అంటే, “ఆడపిల్లకీ మగపిల్లాడికీ తేడా చూడొద్దూ?” అంటారు. ఏం చూశారు? మార్కుల కాగితం చూశారా? పిల్ల తెలివి చూశారా? తీర్పు పురిటిగది గుమ్మం దగ్గరే అయిపోయిందాయె!

ఇళ్లేనా, పెద్ద పెద్ద ఉద్యోగాల్లోనూ ఇదే తంతు. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనీ, సంసారం పనికి అడ్డమవుతుందనుకుంటే రాజీనామా ఇమ్మనొచ్చనీ నిబంధనలుండేవి. ఆమె సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల్ని దులిపేశారు. సంసారం పనికి అడ్డమైతే మగ ఉద్యోగికి మాత్రం అడ్డం కాదా అన్నారు. అదీ ప్రశ్న! ఆ నిబంధనలు రాసినవాళ్లు ఏ ఒక్కరి పనినీ చూసి రాయలేదు. చీర చూసి రాశారు.

మగవాళ్లనే అనడం దేనికి? మన వంటిళ్లలోకి రండి. గట్టు మీద ఓ మూల విడిగా ఒక గ్లాసు బోర్లించి ఉంటుంది, పనిచేసే అమ్మాయికి. అడిగితే “శుభ్రం కోసమండీ” అంటారు. ఇంట్లో గిన్నెలన్నీ శుభ్రం చేసేది ఆ చేతులే కదా! అవి తోమిన కంచంలో తినొచ్చు, అవి పట్టుకున్న గ్లాసు మాత్రం ముట్టకూడదా? ఇది శుభ్రమూ కాదు, విచక్షణా కాదు. కులానికి తొడిగిన మంచి పేరు.

అయితే అందర్నీ ఒకే గాటకట్టి, తేడాలే లేవనాలా? అక్కర్లేదు. అదే 15వ అధికరణం స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని కూడా అంది. బాలింతకు సెలవివ్వడం తేడా చూడటమే. ఆమె అవసరం చూసి ఇచ్చింది గనక అది విచక్షణ. “రేపు పెళ్లవుతుంది, బాలింతవుతుంది” అని ఉద్యోగమే ఇవ్వకపోవడం వివక్ష. రెండింట్లోనూ తేడా ఉంది, మొదటిదానికి మాత్రమే కళ్లున్నాయి.

కాబట్టి ఈసారి ఎవరైనా నిఘంటువు పట్టుకుని “తేడా చూడటం తప్పా?” అంటే వాదన పెంచుకోకండి. “చూడండి బాబూ, చూడమనే మేమూ అంటున్నాం. చూశాకే చెప్పండి” అనండి. ఇంటికొచ్చి, గట్టు మీది ఆ గ్లాసును మిగతా గ్లాసుల్లో కలిపేయండి.