కడుపు కోశారు సరే, బిడ్డనెందుకు దాచారు?

పొద్దున పదిన్నరకు ఆపరేషన్ అయ్యింది. బిడ్డ తల్లి పక్కలోకి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఈ మధ్యలో ఆ పసిగుడ్డును చాలామందే చూశారు. నర్సు చూసింది, ఆయమ్మ చూసింది, తండ్రి చూశాడు, మేనత్త చూసింది. బయట బెంచీ మీద కూర్చున్న పక్క పేషెంటు చుట్టాలు కూడా ఒకసారి ఎత్తుకున్నారు. చూడంది కన్నతల్లి ఒక్కతే. ఆమె మా వాడ పిల్ల, నాట్లకు పోయే కూలి. అడిగితే 'కుట్లు పచ్చిగా ఉన్నాయి, నీకేం తొందర' అన్నారట. పాలు పడలేదని వాళ్ళే తేల్చేసి డబ్బా తెచ్చుకోమని చీటీ రాసిచ్చారు. మొగుడు పోయి మందుల షాపులో డబ్బా, సీసా కొన్నాడు. రెండు రోజుల కూలి అక్కడే పోయింది.

ఏ ఆసుపత్రి అని అడగొద్దు. పేరు రాస్తే ఆ ఒక్కదాని తప్పే అనుకుంటారు. మీ వాడలో ఆపరేషన్ అయిన ఏ ఆడమనిషినైనా అడిగి చూడండి, మొదటిసారి బిడ్డను ఎప్పుడు ఎత్తుకున్నావమ్మా అని.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూద్దాం. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఘనతే. అందులోనే ఇంకో లెక్క ఉంది. మొత్తం కాన్పుల్లో నూటికి 60కి పైగా కోతలే. దేశం మొత్తమ్మీద 21 అయితే మనకు 60! ఆంధ్రలో 42. ఇక పుట్టిన గంటలోపల తల్లిపాలు తాగిన పిల్లలు తెలంగాణలో నూటికి 37 మంది. ఆసుపత్రికి రమ్మన్నారు, వచ్చాం. కొయ్యాలన్నారు, వేలిముద్ర వేశాం. అన్నిటికీ తలూపిన తర్వాత ఆ మొదటి గంట ఎవరు ఎత్తుకుపోయారు?

కోత పడితే పాలివ్వకూడదని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. వెన్నుకు ఇంజక్షన్ ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ ఏడ్చి, ఊపిరి బాగా తీసుకుంటుంటే, తుడిచి అక్కడే టేబుల్ మీదనే తల్లి రొమ్ముల మధ్య బట్ట అడ్డం లేకుండా బోర్లా పడుకోబెట్టొచ్చు. పైన వెచ్చటి బట్ట కప్పాలి, ఒక మనిషి పక్కన కనిపెట్టుకుని ఉండాలి. అంతే ఖర్చు. ఏసీ గదిలో బిడ్డ చల్లబడకుండా తల్లి ఒళ్ళే కాపాడుతుంది. బిడ్డ చీకితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలు దిగడానికీ అదే, గర్భసంచి ముడుచుకుని నెత్తురు తగ్గడానికీ అదే. మత్తిచ్చి పూర్తిగా నిద్రపుచ్చిన తల్లయితే తెలివి రాగానే ఇవ్వాలి. బిడ్డకు ఊపిరి అందకపోయినా, తల్లికి నెత్తురు ఆగకపోయినా ఆ ప్రాణం ముందు చూడాల్సిందే, కాదనం. మా పిల్ల విషయంలో ఆ రెండూ లేవు.

కోత తర్వాత పాలు నిండుగా దిగడానికి కొంచెం ఆలస్యం కావచ్చు. ముర్రుపాలకు ఆలస్యం లేదు, అవి ముందే ఉంటాయి. చెంచాడే కావచ్చు, పసిగుడ్డు పొట్టకు మొదటి రోజు ఆ కాసిన్ని చాలు. చీకలేని బిడ్డకు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. కుట్ల మీద బరువు పడకుండా తల్లి పక్కకు తిరిగి పడుకుని ఇవ్వొచ్చు, బిడ్డను చంక కింద ఇముడ్చుకుని ఇవ్వొచ్చు. నొప్పికి మందు వేళకు ఇస్తేనే తల్లి ఏదైనా చెయ్యగలదు. ఇవి నేర్పే మనిషి వార్డులో లేదు, డబ్బా పేరు మాత్రం చీటీ మీద ఉంది!

ఇదంతా కొత్త సంగతీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1989లోనే పది సూత్రాలు చెప్పాయి, 2018లో తిరగరాశాయి. పాలడబ్బాల ప్రచారాన్నీ, ఉచిత నమూనాలనీ, ఆరోగ్య సిబ్బందికి కంపెనీల కానుకల్నీ నిషేధిస్తూ 1992లో చట్టం వచ్చింది. 2016లో కేంద్రం 'మా' అని తల్లిపాల కార్యక్రమం పెట్టింది. గోడల మీద పోస్టర్లు అంటించారు. బొమ్మలో తల్లి తెల్లగా, నిండుగా నవ్వుతూ ఉంటుంది. ఆ పోస్టర్ కిందే మన మనిషి బిడ్డ కోసం ఏడుస్తోంది.

డబ్బున్నోళ్ళకు ఇది బాగా జరుగుతుందనీ అనుకోవద్దు. ప్రైవేటులో కోతలు ఇంకా ఎక్కువ. పంచాంగం చూసి ముహూర్తానికి కడుపు కోయించుకునే పిచ్చి కూడా మన దగ్గరే ఉంది. బ్రాహ్మడు చెప్పిన నిమిషానికి కొయ్యడానికి తీరిక ఉన్న థియేటర్‌కు, బిడ్డను తల్లి మీద వెయ్యడానికి తీరిక ఉండదు. కానీ అక్కడ తల్లి గట్టిగా అడిగితే జవాబన్నా చెప్తారు. మన తల్లి అడిగితే కసురుతారు. తేడా కులంలో ఉంది, చీరలో ఉంది, మాట యాసలో ఉంది.

ఆయమ్మ బిడ్డను చూపించడానికి చెయ్యి చాపిందనీ, మగపిల్లాడైతే ఇంకొంచెం ఎక్కువ అడిగిందనీ చాలామంది మండిపడతారు. మండాల్సిందే. ఆ ఆయమ్మ ఎవరో కూడా చూడండి. చాలాచోట్ల ఆమె మన వాడ మనిషే. కాంట్రాక్టరు కింద పనిచేస్తుంది, జీతం నెల నెలా రాదు. వార్డు నిండా కోతపడ్డ తల్లులు, ఒక నర్సు, ఒక ఆయమ్మ. బిడ్డను పట్టుకుని కూర్చునే మనిషిని పెట్టనిది సర్కారు. తిట్లు మాత్రం ఆయమ్మకు.

మన ఇళ్ళలో తప్పు లేదా? ఉంది. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. తేనె నాకిస్తారు, పంచదార నీళ్ళు పోస్తారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తల్లి దగ్గరికి రాని బిడ్డ నోట్లో అత్త ఏదో ఒకటి పొయ్యక ఏం చేస్తుంది అని కూడా ఆలోచించాలి.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు వచ్చినప్పుడు అంబేద్కర్ లేచి దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలన్నారు. మరుసటి ఏడు అది చట్టమైంది, ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు. 2017లో జీతంతో సెలవు 26 వారాలకు పెంచారు. నాట్లకు పోయే మనిషి దాకా అది రాలేదు. కుట్లు ఆరకముందే మడిలో దిగే తల్లికి బిడ్డతో దొరికేదే ఆ నాలుగైదు రోజులు, ఆసుపత్రి మంచం మీద. అందులోంచి మొదటి రోజు కోసేసుకుంటున్నారు.

ఇక నెలలు నిండుతున్న అక్కలూ, వాళ్ళ మొగుళ్ళూ! ఆపరేషన్‌కు ముందే డాక్టరమ్మకు చెప్పండి, బిడ్డ బాగుంటే నా రొమ్ము మీద వెయ్యండి అని. ఇవ్వకపోతే ఎందుకో కేసు షీటులో రాయమనండి. డబ్బా కొనమంటే, ఏ కారణానికో చీటీ మీదే రాసి సంతకం పెట్టమనండి. వాడలోని సంఘాలు జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గరికి గుంపుగా పోయి అడగండి: కాన్పుల థియేటర్‌లో బిడ్డను కనిపెట్టుకునే మనిషి పోస్టు ఉందా, ఖాళీగా ఉందా, అసలు లేదా? మా వాడ నుంచి వచ్చే సోమవారం పోతున్నాం. ఆ పిల్ల కూడా వస్తానంది, బిడ్డనెత్తుకుని.