పట్నములో బస ఎక్కడ?



పట్నము ప్రయాణమంటే రైలు టికెట్టు గురించి, దారిలో తినే అన్నము గురించి వారము ముందే ఆలోచిస్తాము. బస సంగతి మాత్రము స్టేషనులో దిగాక చూసుకుందాములే అనుకుంటాము. మేమూ అలాగే అనుకొని ఒకసారి నష్టపోయాము.

పిల్లల నాయనమ్మకు కంట్లో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ కోసము హైదరాబాదు తీసుకొనివచ్చి, స్టేషను దగ్గర చవకగా దొరికిన లాడ్జిలో దిగాము. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. తెల్లవార్లూ ఆటోల హారన్లు, తలుపుల చప్పుడు, మెట్ల మీద కేకలు. ఆమె కన్ను మూయలేదు. ఉదయము ఆసుపత్రిలో రక్తపోటు చూసిన డాక్టరుగారు, "ఇంత ఎక్కువగా ఉంటే ఈ రోజు చేయలేము, తగ్గాక రండి" అన్నారు. ఛార్జీలు పోయాయి, నాలుగు రోజుల పని పోయింది. "నా వల్లనే కదా" అని ఆమె దారి పొడవునా బాధపడింది. తప్పు ఆమెది కాదు, బస ఎంచిన మాది.

రెండవసారి మా సంఘ పెద్ద ఒకరు చెప్పగా, హిమాయత్‌నగర్ లోపలి వీధిలో ఒక ఇంటి కింది గది ముందుగానే మాట్లాడుకున్నాము. నాంపల్లి స్టేషను నుండి సుమారు మూడు కిలోమీటర్లు. కాచిగూడ ఇంకా దగ్గర. మెయిన్ రోడ్డు దుకాణాలతో, వాహనాలతో కిటకిటలాడుతూనే ఉంటుంది. నంబర్లు వేసిన అడ్డవీధుల్లోకి తిరిగితే మాత్రము ఆ రొద వెనకబడుతుంది. ఎవరింట్లోనో పోపు వాసన, గుమ్మము ముందు ముగ్గు. నాయనమ్మ రాత్రి తొమ్మిదికే నిద్రపోయింది. మర్నాడు రక్తపోటు సరిగా ఉన్నది, ఆపరేషన్ జరిగింది.

మరల చూపించడానికి వారము ఆగమన్నారు. మాలో ఒకరము ఆమె దగ్గర ఉంటే, ఇంకొకరము పిల్లలను తిప్పాము. రోజుకు ఒక్క దిక్కే అని నియమము పెట్టుకున్నాము. 2020లో వచ్చిన మెట్రో మార్గములో నారాయణగూడ దగ్గర ఎక్కితే రెండో స్టేషనే మహాత్మాగాంధీ బస్ స్టేషను. అక్కడి నుండి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియము చూశారు. 1951లో తెరచిన ఆ మ్యూజియమునకు శుక్రవారము సెలవు; గుర్తుంచుకోండి. 1591 నాటి చార్మినారు మరునాడు. గోలకొండకు మాత్రము ఒక పూటంతా కావాలి. సాయంత్రాలు లిబర్టీ మీదుగా ట్యాంక్‌బండ్ వరకు నడిచేవారము. ఎక్కడికి వెళ్లినా ఎండ ముదరక ముందే గదికి చేరి, అన్నము తిని, నడుము వాల్చేవారము. దూరపు బస అయితే ఇది కుదిరేది కాదు.

ఆ గది అద్దె లాడ్జి కంటె కొంచెము ఎక్కువే. కాని వృథా అయిన మొదటి ప్రయాణము ఖర్చు ముందు అది తక్కువే. మీరు వచ్చేటప్పుడు బయలుదేరక ముందే ఫోను చేసి అడగండి: గది కింద ఉన్నదా? వంట చేసుకోనిస్తారా? మరుగుదొడ్డి పెద్దవారికి వీలుగా ఉన్నదా? నీళ్లు ఏ వేళకు వస్తాయి? ఇంట్లో అందరి ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి గాని, ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి గాని రోగిని తెచ్చేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరము. రోగికి మందు ఎంతో, వెంట ఉన్నవారికి నిద్ర అంత.

ఆదివారము నల్ల అద్దాలు పెట్టుకొని, అబిడ్స్‌లోని సెయింట్ జార్జి దేవాలయమునకు ఆమె మాతో వచ్చింది. ఆరాధన తరువాత మెట్లు దిగుతూ చిన్న మనుమరాలిని దగ్గరకు తీసుకొని, "నీ చెంప మీద పుట్టుమచ్చ ఉన్నదటే! ఇన్నాళ్లూ నాకు కనబడలేదు" అన్నది. ఆ మాట విన్నాక అద్దె లెక్క మేము మరల వేసుకోలేదు.