మూసేసి, కలిపామంటారా?

సైన్స్ విద్యార్థులకు ఫెలోషిప్ ఇచ్చే కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన (కేవీపీవై) పరీక్ష 2022 నుంచి ఆగిపోయింది. పథకాన్ని తన మరో స్కాలర్‌షిప్ పథకం ఇన్‌స్పైర్‌లో విలీనం చేశామని, అప్పటికే ఎంపికైనవారికి ఫెలోషిప్ ఆగదని కేంద్రం చెప్పింది. 1999లో మొదలైన పథకం పోయినా ఎవరికీ నష్టం లేదన్నది ఆ మాట సారాంశం. విశాఖలో బీఎస్సీ చదువుతున్న పిల్లల తరఫున చెబుతున్నాం, అది అబద్ధం.

లెక్క మాత్రం చక్కగా కుదిరింది. కేవీపీవైలో డిగ్రీ విద్యార్థికి నెలకు రూ.5 వేలు, ఏటా ఇతర ఖర్చులకు రూ.20 వేలు ఇచ్చేవారు. ఇన్‌స్పైర్‌లో ఏటా రూ.60 వేల స్కాలర్‌షిప్, వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే పరిశోధనకు రూ.20 వేలు. అటూ ఇటూ రూ.80 వేలే. ఒకే సొమ్ముకు రెండు పథకాలెందుకని వాదించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ సొమ్ము ఎవరి చేతికి అందుతుందన్న ప్రశ్న మాత్రం ఆ లెక్కలో లేదు.

కేవీపీవైలో ఎస్‌బీ అనే విభాగం ఉండేది. అది బీఎస్సీ మొదటి ఏడాది వాళ్ల కోసం. ఇంటర్‌లో 60 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకైతే 50 శాతం మార్కులుంటే దరఖాస్తు పెట్టుకోగలిగేవారు. ఆపైన పరీక్షలో బుర్ర ఎలా పనిచేస్తుందన్నదే లెక్క. ఇన్‌స్పైర్ అలా కాదు. ఇంటర్ బోర్డు మొత్తంలో పైన ఉన్న ఒక శాతంలో ఉండాలి, లేదంటే జేఈఈ, నీట్ వంటి పరీక్షల్లో తొలి 10 వేల ర్యాంకుల్లో ఉండాలి. రెండూ విద్యార్థి డిగ్రీ కాలేజీ మెట్టు ఎక్కకముందే తేలిపోయే విషయాలు.

గాజువాక నుంచి బస్సెక్కి మద్దిలపాలెం ప్రభుత్వ కాలేజీకి వచ్చే ఒక అమ్మాయిని ఊహించుకోండి. తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. ఇంటర్‌లో 78 శాతం. డిగ్రీలో ఒక మంచి మేడమ్ పాఠం విన్నాక కెమిస్ట్రీ మీద ప్రాణం పెట్టింది. కేవీపీవై ఉన్నన్నాళ్లూ ఇలాంటి అమ్మాయికి ఒక దారి ఉండేది. ఇప్పుడు డిగ్రీలో యూనివర్సిటీ ఫస్టు వచ్చినా ఇంటర్ మెమో మారదు కదా!

ఆ ఒక శాతం ఎక్కడ తయారవుతుందో మన రాష్ట్రంలో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. తెల్లారకముందే స్టడీ అవర్లు మొదలయ్యే కార్పొరేట్ హాస్టళ్లలో. పైగా 2021లో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలే జరగలేదు. పదో తరగతి, ఇంటర్ మొదటి ఏడాది మార్కులు కలిపి ఫలితాలిచ్చారు. ఆ బ్యాచ్‌లో ఆ కాగితాన్ని పట్టుకునే పరిశోధకుణ్ని గుర్తిస్తామన్నారు.

విలీనమంటే ఏమిటో తెలుగువాళ్లకు 2020 ఏప్రిల్ 1న తెలిసొచ్చింది. ఆంధ్రా బ్యాంకు బోర్డు దిగినప్పటి బాధ ఇంకా తీరలేదు. అయినా ఖాతాదారు సొమ్ము పైసాతో సహా యూనియన్ బ్యాంకులోకి చేరింది. ఎస్‌బీ విద్యార్థి ఖాతా ఇన్‌స్పైర్‌లోకి చేరనే లేదు. కౌంటరు మూసేసి, పక్క బ్యాంకులో కలిపామని చెప్పడం ఏం న్యాయం?

మార్కుల సంగతికే వస్తే, మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమస్తా ఒకడు అంతకుముందు ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్) పరీక్ష తప్పాడు, మళ్లీ తప్పాడు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం అతనికి డిగ్రీ లేదని తెలిసీ నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. ఆ గుమస్తా శ్రీనివాస రామానుజన్. పరాయి పాలనలోని విశ్వవిద్యాలయానికి ఉన్న చూపు మన కేంద్ర ప్రభుత్వానికి లేకపోవడం మమ్మల్ని మండిస్తోంది.

కేవీపీవై పరీక్ష ఇంగ్లిష్, హిందీల్లోనే ఉండేదని, అది కోచింగ్ దొరికే నగరాల పిల్లలకే కలిసొచ్చిందని అంటున్నారు. నిజమే. దానికి మందు పరీక్షను తెలుగులోనూ పెట్టడం.

స్కాలర్‌షిప్‌లో భాగమైన ఆ రూ.20 వేలు ఢిల్లీలో చిన్న మొత్తం కావచ్చు. మన డిగ్రీ విద్యార్థికి అది ఒక వేసవి. ఆ డబ్బు లేకపోతే మే నెలంతా ద్వారకానగర్ షాపులో బట్టలు మడతపెట్టాలి. ఉంటే ఇదే ఊళ్లోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో సముద్రపు నీటి నమూనాలు పరీక్షించవచ్చు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఇంకా ఉంది, సంతోషం. కానీ దానికి వేసవికి ఎన్నో నెలల ముందే సొంతంగా ఒక వివరణ రాసి, అధ్యాపకుడి సిఫార్సు లేఖతో దరఖాస్తు చేయాలి. అలా చేయాలని చెప్పేవారు ఎన్ని ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నారు? రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఈ పని నెత్తికెత్తుకోవాలి. ప్రతి డిగ్రీ కాలేజీలో ఒక అధ్యాపకుడికి ఆ బాధ్యత అప్పగించాలి.

కేంద్రం చేయాల్సింది ఇంకా సులువు. ఇన్‌స్పైర్‌లో బీఎస్సీ మొదటి ఏడాది విద్యార్థులకు ప్రత్యేక ప్రవేశ పరీక్ష పెట్టాలి. పాత 60, 50 శాతం అర్హతలనే ఉంచి, ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇవ్వాలి. కొత్త బ్యాచ్ క్లాసులు మొదలయ్యేలోగా ఆ ఉత్తర్వు వెలువడాలి.